రెస్టు వరస

కళ్ల ఆస్పత్రిలో మొక్కలు మార్చేది గురువారం. పార్వతమ్మ స్టూలెక్కి, గోడకు వేలాడుతున్న కుండీని కొక్కెం నుంచి తప్పిస్తోంది. కింద కీర్తి రెండు చేతులూ పైకి చాపి నిలబడింది.

"కుండీ అడుగున పట్టుకోవే. తీగ పట్టుకున్నావంటే ఊడి చేతికొస్తది."

"కుండీనే పట్టుకున్నా పెద్దమ్మా."

"పట్టుకుంది తీగనే. నాకు కనపడదనుకున్నావా?"

కీర్తి చప్పున చేతులు మార్చుకుంది. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉంటోందని, ఎండాకాలం పనికి పార్వతమ్మే ఈ పిల్లను నర్సరీకి వెంటబెట్టుకొచ్చింది. వాళ్లుండేది రెండిళ్ల అవతల. పిల్ల నెమ్మదస్తురాలు. ఒక మాట బయటికి రావాలంటే అది లోపల చానాసేపు తిరగాలి.

కుండీ దిగింది. వారం కిందట తెచ్చి తగిలించినప్పుడు తమలపాకుల్లా నిగనిగలాడిన తీగ అది. ఇప్పుడు ఆకుల్లో ఆ మెరుపు లేదు. కొత్తగా వచ్చిన చిగురాకు రూపాయి బిళ్లంత దగ్గరే ఆగిపోయింది. ట్యూబులైటు వెలుగు, రోజంతా ఏసీ గాలి. ఎంత ఓపికగల మొక్కయినా ఇక్కడ వారం నిలబడితే, తర్వాత వారం నర్సరీ నీడలో కోలుకోవలసిందే. దీని బదులు ఇంకో తీగ వచ్చి వచ్చే గురువారం దాకా ఇదే కొక్కేనికి వేలాడుతుంది.

మూలనున్న పెద్ద కుండీలో మొక్క పేరు సెలోం. మనిషి చేతి వేళ్లలా చీలిన ఆకులు దానివి. పార్వతమ్మ కిందికి దిగి తడిగుడ్డతో ఒక్కో ఆకునూ కింద అరచెయ్యి ఆన్చి తుడవసాగింది. ఎడమ చెయ్యి ఆన్చడానికి, కుడి చెయ్యి తుడవడానికి. ఒక ముదురాకు పసుపు తిరిగింది. కాడ దగ్గర కత్తెరతో కోసి, కారిన రసాన్ని చీర కుచ్చెళ్లకు తుడుచుకుంది.

బెంచీ మీద నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్న ముసలామె ముందుకు వంగింది.

"ఏమ్మా, గోడకి పెట్టింది మనీప్లాంటేనా?"

"కాదత్తా. చూట్టానికి అట్టాగే ఉంటది. ఇది ఫిలోడెండ్రాన్. ఇదిగో, కొత్తాకు రాబోయే ముందు దీనికి పల్చటి పొర ఉంటది చూడు, ఉల్లిపొరలాగా. ఆకు విచ్చుకున్నాక అది ఎండి రాలిపోద్ది. మనీప్లాంటుకి ఆ పొర ఉండదు."

"మా రెంటచింతల ఎండకైతే ఇది పొద్దుగూకేలోపు అప్పడమవుద్ది."

"ఎండలో యాడైనా అప్పడమేనత్తా. అందుకే గదా దీన్ని ఇళ్లల్లో పెట్టుకునేది."

ముసలామె నవ్వింది. పొర చూపించడానికి పార్వతమ్మ చాపిన చేతిని ఆమె పక్కన కూర్చున్న కూతురు చూసింది. ఎడమ అరచేతిలో, వేళ్ల సందుల్లో చర్మం ఎర్రగా పొక్కి, అక్కడక్కడ చిట్లి, తెల్లటి పొర లేచి ఉంది.

"ఆ చేతికేందమ్మా?"

"మిరపకాయల ఘాటు తల్లీ. కోల్డ్ స్టోరేజీల కాడ తొడిమలు తీశా చానా ఏళ్లు. లోపలుండిపోయింది. పోదు."

"ఏమో, అంటుకునేదేమో. మా అమ్మకి నిన్ననే ఆపరేషనయింది. కొంచెం అవతలికి పో." అంటూనే తల్లి భుజం పట్టుకుని బెంచీ ఆ కొసకు జరిపింది. జరిగిన చోటి నుంచి కౌంటరు వైపు తిరిగి, "ఇట్టాంటోళ్లని లోపలికెందుకు రానిస్తారండీ?" అని కాస్త గట్టిగానే అంది.

మెళ్లో కార్డు వేసుకున్న మేనేజరు లేచి వచ్చాడు. కేకలు వేయలేదు. పార్వతమ్మను పక్కకు పిలిచి, చేతులు చూపించమని అడిగి, చూసి, "మీరు బయట కూర్చోండమ్మా. మిగిలింది ఆ అమ్మాయి చేస్తుంది," అన్నాడు. తర్వాత ఫోన్ తీసుకుని గాజు తలుపు అవతలికి వెళ్లాడు. అతని పెదవులు కదలడం, మధ్యలో ఒకసారి తన ఎడమ అరచేతిని తనే చూసుకోవడం పార్వతమ్మకు కనిపించాయి.

కౌంటరు మీది బిర్కిన్‌ను ఇంకా మార్చలేదు. ఆకు నిండా సున్నం పుల్లతో గీసినట్టు తెల్ల చారలుండే మొక్క అది. కీర్తి దాన్ని రెండు చేతులా ఎత్తి, ఎటు పోవాలో తెలియనట్టు నిలబడింది.

"బండిలో పెట్టిరా. కొత్తది ఎడమ పక్క సంచిలో ఉంది," అంది పార్వతమ్మ. చేతులు పైట కొంగులో పెట్టుకుని మెట్లు దిగింది.

*

ట్రాలీ ఆటోలో మొక్కల మధ్య కూర్చుని ఇద్దరూ నర్సరీకి తిరిగొచ్చారు. బండి తోలే మన్సూర్ దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఏసీలో కూర్చుని వచ్చినందుకు వీటికి రెస్టంట. నన్ను కూర్చోబెట్టమను పార్వతక్కా ఏసీలో. చచ్చిందాకా రెస్టు అడిగితే ఒట్టు."

ఎప్పుడూ అనే మాటే. ఎప్పుడూ పార్వతమ్మ ఏదో ఒకటి తిప్పి అంటుంది. ఇవాళ చేతులు కొంగులోనే ఉంచుకుని రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. అతను అద్దంలోంచి ఒకసారి చూసి ఊరుకున్నాడు.

నర్సరీ ఉన్నది నరసరావుపేట దాటాక వినుకొండ రోడ్డులో. యజమాని గోపీనాథ్, వాళ్ల నాన్న మిరప వేసిన పొలం చెక్కలోనే పచ్చ నెట్లు కట్టించి, ఆఫీసులకు అద్దెకిచ్చే ఈ మొక్కలు పెట్టాడు. అన్నిటికంటే లోపల, రెండు నెట్లు ఒకదాని మీద ఒకటి కట్టిన చోట, పొడుగాటి వరస ఒకటుంది. ఊళ్లోకి పోయి అలిసి వచ్చిన మొక్కలన్నీ అక్కడికే చేరతాయి. దాన్ని అందరూ రెస్టు వరస అంటారు. అక్కడి మొక్కకు ఎరువెయ్యరు, కొయ్యరు, కుండీ మార్చరు. నీళ్లు చిలకరించి ఊరుకుంటారు. ఎర్రకాడల కాంగో, పసుపు చారల బ్రెజిల్, నిమ్మపండు రంగు సిలోన్ గోల్డ్, అన్నీ అక్కడ కొన్నాళ్లు తలలు వేలేసుకుని, ఒక ఉదయం ఎవరూ చూడనప్పుడు ఆకులెత్తుతాయి.

పార్వతమ్మ ఆస్పత్రి మొక్కలు దించి ఒక్కోటీ వరసలో సర్దుతుండగా గోపీనాథ్ వచ్చాడు. ముప్పై దాటిన మనిషి. చెవికి ఫోన్ లేనప్పుడు కూడా తల ఒక పక్కకు వంచే మాట్లాడతాడు.

"ఆస్పత్రోళ్లు ఫోన్ చేశారు పార్వతమ్మా."

"చేశాడులే. చూశా."

"నాకేం లేదు. వాళ్లు అనేది కూడా సబబే గదా, ఆపరేషన్లు చేసే చోటు. కొన్నాళ్లు ఇంటికాడ ఉండు. చేతులు తగ్గినాక చూద్దాం. సోమవారం నుంచి కీర్తి పోద్ది రౌండుకి. ఈ రెండ్రోజులు దానికి కోతా, మార్పిడీ అన్నీ చూపించు."

"కీర్తా? కాలేజీ తెరిస్తే అది పోద్ది గదా బాబూ."

"అప్పుడు సంగతి అప్పుడు చూద్దాం."

ఆమె ఇంకేమన్నా అంటుందేమోనని అతను కాసేపు నిలబడ్డాడు. కుండీ అడుగున తడి ఉందో లేదో వేలు పెట్టి చూసింది. అతను ఫోన్ మోగకుండానే ఫోన్ వైపు చూసుకుంటూ వెళ్లిపోయాడు.

తగ్గినాక. ఈ చేతులు తగ్గేవి కావని ఆమెకు తెలుసు. మిరపకాయ చేసిన చేతులు అవి. ఎండలో పుట్టి ఎండలో పెరిగి, పొలాల్లో, కల్లాల్లో, కోల్డ్ స్టోరేజీ ఆవరణల్లో టార్పాలిన్ల కింద పనిచేసి, ఆరేళ్ల కిందట మొదటిసారి ఆమె నీడ ఉన్న పనికి వచ్చింది. ఇక్కడ చేరిన కొత్తలో మధ్యాహ్నం పూట నెట్టు కింద నిలబడి, తన చేతి మీద పడిన గళ్లగళ్ల వెలుగును ఊరికే చూసుకుంటూ ఉండేది. ఇది పోతే మళ్లీ తొడిమల పనే. ఈ వయసులో కొత్తగా నేర్చుకునే పని ఇంకేముంది?

*

శుక్రవారం పొద్దున్నే ఇద్దరూ కోత బల్ల ముందు కూర్చున్నారు. తీగ ముక్కలు గుచ్చి కొత్త మొక్కలు కట్టేది ఈ బల్ల మీదే.

"ఇదిగో, ఈ ముడి కణుపు," అంది పార్వతమ్మ. "కణుపు పక్కన గోధుమరంగు మొటిమలాగా ఉందా? అది ఊడ. కణుపు లేకుండా కోశావనుకో, ఆకు నెల రోజులు పచ్చగానే ఉండి నిన్ను నమ్మిస్తది. వేరు మాత్రం రాదు."

కీర్తి తలూపింది. పార్వతమ్మ ఎడమచేత్తో తీగ పట్టుకుని కుడిచేత్తో కత్తెర నొక్కింది. కోసిన చోట నీళ్లలాంటి రసం ఊరి ఎడమచేతి వేళ్ల సందుల్లోకి జారింది. ముక్కను కొబ్బరిపొట్టు కుండీలో గుచ్చి, చుట్టూ బొటనవేలితో నొక్కింది. తర్వాత ఇంకోటి. ఇంకోటి. ఆ చేతిలో దురద సూదులు గుచ్చినట్టు మొదలైంది. ఆమె అరచేతిని బల్ల అంచుకు రుద్దుకుని మళ్లీ తీగ పట్టుకుంది.

"దీనికేం పేరు పెద్దమ్మా?" కీర్తి చూపించిన మొక్కకు నల్లటి ఆకుపచ్చ ఆకుల మీద గులాబీ రంగు మరకలున్నాయి.

"పింక్ ప్రిన్సెస్. నేను పెళ్లికూతురంటా. చానా పేచీ దీంతో. వెలుగు తక్కువైతే గులాబీ పోయి ఉత్త పచ్చగా అయిపోద్ది. మరీ గులాబీ ఎక్కువైందా, ఆకుకి తిండి ఉండదు, చచ్చిపోద్ది. ఆ పక్కన జనాడు మొక్క అట్టా కాదు. నువ్వు మర్చిపోయినా అది బతుకుద్ది."

గోపీనాథ్ ఫోన్ కర్రకు బిగించుకుని వచ్చాడు. మొక్కలు కట్టడం వీడియో తీసి ఇన్‌స్టాలో పెడతానన్నాడు. చంకలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పడేశాడు.

"కీర్తీ, ఇవి వేసుకో. అప్పుడు నువ్వు కొయ్యి, నేను తీస్తా."

ఆకుపచ్చ గ్లౌజులు. రబ్బరువి, మెత్తగా, మణికట్టు దాటి పైదాకా వచ్చేవి. కీర్తి వాటి వైపు, పార్వతమ్మ వైపు చూసింది.

"యాడియ్యి బాబూ ఇయ్యి?" అంది పార్వతమ్మ.

"ఇదిగో, ఎదురుగా పురుగుమందుల కొట్లోనే. పొద్దున వస్తా వస్తా తీసుకున్నా."

ఆ కొట్టు ముందే ఆమె రోజూ ఆటో దిగుతుంది. కొట్టు అరుగు మీద కూర్చునే చెప్పులో ముల్లు తీసుకున్న రోజులున్నాయి. లోపల తాడుకు వేలాడుతూ ఆకుపచ్చగా ఏవో ఉండేవి. మందు కొట్టే మగాళ్లకనుకుంది.

"నీ చేతులు వీడియోలో పడకుండా కొంచెం అవతలికి, పార్వతమ్మా," అన్నాడు గోపీనాథ్. ఆమె ముక్కాలి పీట వెనక్కి లాక్కుంది. కీర్తి కోస్తుంటే పక్క నుంచి నోటితోనే చెప్పింది: "కణుపు కింద, ఇంకా కింద, ఆ, అక్కడ." ఆ గొంతు వీడియోలో ఉంచుతారో తీసేస్తారో ఆమె అడగలేదు.

గోపీనాథ్ వెళ్లాక కీర్తి గ్లౌజులు ఊడదీసి, లోపలి పక్క బయటికి తిప్పి ఆరబెట్టింది. చానాసేపు ఏదో చెప్పబోయి ఆగింది. చివరికి అడిగింది.

"పెద్దమ్మా, మిరపకాయల తొడిమలు ఒక చేత్తోనే తీస్తారా?"

"ఒక చేత్తో ఎట్టా తీస్తారే? కాయ ఒక చేత్తో, తొడిమ ఒక చేత్తో. చూళ్లేదా ఎప్పుడూ?"

"చూశా. అందుకే..." పిల్ల తల వంచుకుంది. "మరి నీకు ఎడమ చెయ్యి ఒక్కటే పొక్కిందేంది? కుడిచెయ్యి బానే ఉంది గదా."

పార్వతమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. కుడిచెయ్యి నల్లగా, గట్టిగా, కాయలు కాచి ఉంది. అంతే. ఇన్నేళ్లలో రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్న గుర్తు లేదు.

"నోరు మూసుకుని ఆ కుండీలియ్యి," అంది.

*

శనివారం బ్యాంకు. పార్వతమ్మ లోపలికి పోలేదు. గోపీనాథ్ పోవద్దని చెప్పలేదు గాని, మన్సూర్ బండి ఆపగానే కీర్తే దిగింది. పార్వతమ్మ బండిలోనే కూర్చుంది. రేకు కాలిపోతోంది. ఇంకా పొద్దెక్కకుండానే రోడ్డు మీద గాలి పొయ్యి ముందు గాలిలా ఉంది.

గాజు గోడ అవతల కీర్తి కనిపిస్తోంది. కిటికీ పక్కన కొబ్బరిపీచు కర్రకు పాకించిన సిలోన్ గోల్డ్‌ను ఎత్తబోయి, కర్రను పట్టుకుని లాగుతోంది.

"కుండీ పట్టుకోవే!" పార్వతమ్మ బండిలోంచే అరిచింది.

"ఆ గాజులోంచి నీ కేక దానికి వినపడదులే అక్కా," అన్నాడు మన్సూర్. తన సీటు కింది నుంచి నీళ్ల సీసా తీసి వెనక్కి అందించాడు. "తాగు. ముఖం చూస్తే రెస్టు వరసలో పెట్టేటట్టుంది."

ఆమె తాగింది. లోపల ఎవరో ఉద్యోగి కీర్తికి తలుపు తీసి పట్టుకున్నాడు. కీర్తి ఆకుపచ్చ గ్లౌజుల చేతులతో కుండీని కడుపుకు ఆన్చుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది. ఆమె వెనకే చల్లటి గాలి ఒక్క క్షణం బండి దాకా వచ్చి పోయింది.

"కర్ర ఊగింది పెద్దమ్మా. ఊడలు తెగలేదు. చూశా."

"సర్లే. నీళ్లు పోశావా కొత్తదానికి?"

"ఏసీలోంచి కారే నీళ్లే పోశా. బోరు నీళ్లు పోస్తే కొసలు మాడతయ్యన్నావు గదా."

పిల్ల నేర్చుకుంది. రెండ్రోజుల్లో నేర్చుకుంది. అది మంచిదే. కానీ ఆ మంచి, నోట్లో వేసుకున్న చేదు మాత్రలా అక్కడే ఉండిపోయింది.

*

ఆదివారం ఆమె కోల్డ్ స్టోరేజీ దగ్గరికి వెళ్లింది. సోమవారం నుంచి ఎటూ రావలసినదే, ఎట్లా ఉంటుందో చూద్దామని.

టార్పాలిన్ కింద ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని ఎర్రటి కుప్పల చుట్టూ కూర్చుని ఉన్నారు. పని చేయించే తిరుపతమ్మ ఆమెను చూసి గుడ్డ కిందికి లాగింది.

"ఏంది వదినా, ఏసీల్లో తిరిగే పని మానుకుని మా నిప్పుల్లోకొచ్చావు?"

"ఊరికే. చేతులు మర్చిపోతయ్యేమోనని."

"మర్చిపోతే అదృష్టవంతురాలివే. కూర్చో, కూర్చో. కొంచెం జరగవే కావ్యా."

కూర్చుంది. కాయ ఒక చేత్తో, తొడిమ ఒక చేత్తో. చేతులు ఏమీ మర్చిపోలేదు. గుప్పెడు, ఇంకో గుప్పెడు. తుమ్ములు, దగ్గులు, ఎవరిదో చంటిపిల్ల ఏడుపు. మెల్లగా మంట మొదలైంది. ముందు వెచ్చదనం, తర్వాత వేడి, తర్వాత చేతులు పొయ్యి మీద పెట్టినట్టు. రెండు చేతులూ మండాయి. చర్మం చిట్లిన ఎడమచేతిలో మరీ ఎక్కువ, కళ్లలో నీళ్లు తిరిగేంత. అయినా అది మంటే. ఆమె పని ఆపి, కళ్లు మూసుకుని, ఆ మంటలో దేనికోసమో వెతికింది. సూదుల్లేవు. బల్ల ముందు కూర్చున్నప్పుడు వేళ్ల సందుల్లో గుచ్చే సూదులు ఇందులో లేవు.

"ఏమైంది వదినా? నిద్రొస్తందా?"

"ఇది కాదు," అంది పార్వతమ్మ.

"ఏది కాదు?"

ఆమె లేచి చీర దులుపుకుంది. తిరుపతమ్మ వెనక నుంచి, "సగం పూటకేనా? చేతులు మెత్తబడ్డయ్యిలే!" అని నవ్వడం వినిపించింది.

ఇంటికి వచ్చేసరికి ఆమె మొగుడు బాబూరావు వంటగది గడపలో కూర్చుని చాకుతో కందదుంప చెక్కుతున్నాడు. ఆదివారమని మార్కెట్లో తెచ్చాడట. చెక్కుతో పాటు సగం దుంప పోతోంది.

"ఇటియ్యి. తినేదంతా పారేస్తన్నావు."

"ఆ చేతులతో వద్దులే."

"ఈ చేతులకి కొత్తగా అయ్యేదేముంది? ఆ పిల్ల కీర్తి అడిగింది మొన్న, ఒక చెయ్యే పొక్కిందేంది పెద్దమ్మా అని."

"దానికెందుకంట? కందకు లేని దురద కత్తిపీటకా?" అని తన మాటకు తనే నవ్వి, బాబూరావు దుంపా చాకూ ఇచ్చేశాడు.

చేతులు కడుక్కుని వచ్చి ఆమె కూర్చుంది. ఎడమచేత్తో దుంప పట్టుకుంది. కుడిచేత్తో చెక్కు తీసింది. తడి దుంప ఎడమ అరచేతిలో జారింది. రెండోసారి చాకు ఆన్చేలోపే వేళ్ల సందుల్లో సూదులు దిగాయి.

అవే.

ఆమె దుంపను ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. బాబూరావు ఏంటని అడిగాడు. లేచి, డబ్బాలోంచి చింతపండు తీసి, తడిపి, ఎడమచేతికి రుద్దింది. పుండ్ల మీద పులుపు తగిలి ప్రాణం లేచిపోయినట్టయింది. పళ్లు బిగబట్టి రుద్దింది. కాసేపటికి పుండు మండుతూనే ఉంది గాని సూదులు ఒక్కొక్కటే తగ్గాయి. కంద కోసేముందు చేతికి నూనె, దురదొస్తే చింతపండు. చిన్నప్పుడే అమ్మ చెప్పిన సంగతి. ఊళ్లో ప్రతి ఆడదానికీ తెలిసిన సంగతి. ఆరేళ్లుగా తను ప్రతి రాత్రీ పడుకోబోయే ముందు మిరపకాయకు మందని ఆముదం పూసుకుంటోంది, పొద్దున్నే లేచి పోయి మళ్లీ కందలాంటి ఆ తీగల రసంలోనే చెయ్యి పెడుతోంది. తనే. ఎవరూ చెప్పలేదు. తనూ అడగలేదు.

ఆ పూట కంద పులుసు బాబూరావే పెట్టాడు.

*

సోమవారం పార్వతమ్మ మామూలు వేళకే నర్సరీకి వచ్చింది. ట్రాలీలో కొత్త మొక్కలు ఎక్కుతున్నాయి. ఆమెను చూసి మన్సూర్ చేతిలోని కుండీ అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. కీర్తి తల వంచుకుంది.

గోపీనాథ్ మోటారు దగ్గర పైపు బిగిస్తున్నాడు.

"ఏం పార్వతమ్మా, ఏదన్నా మర్చిపోయావా?"

"ఈ దురద మిరపకాయది కాదు బాబూ. ఈ మొక్కలది. కోసినప్పుడు కారే రసానిది."

అతను పైపు బిగిస్తూనే అన్నాడు: "అవును. ఫిలోడెండ్రాన్ రసం కొందరికి పడదు. దురద పెడుద్ది."

"నీకు తెలుసా?"

"తెలియకపోవటమేంది, మొక్కల పని చేసేవాళ్లందరికీ తెలిసిందేగా." అప్పుడు తల ఎత్తాడు. ఆమె ముఖం చూసి చేతిలోని రెంచి కింద పెట్టాడు. "నీకు తెలుసనుకున్నా. ఇన్నేళ్ల నుంచి కోస్తన్నావు. నువ్వేమో ఎవరడిగినా మిరపకాయలంటావు, నేనూ సరే అనుకున్నా. గ్లౌజులు కావాలని ఒక్కసారి అడిగుంటే కొనుండేవాణ్ణి కాదా?"

అతను అబద్ధమాడడం లేదు. అడిగి ఉంటే కొనేవాడే. కోపం వస్తే బాగుండును, దాన్ని పట్టుకుని నిలబడొచ్చు. కోపం రాలేదు. ఒట్టి అలసట వచ్చింది.

ఆమె పక్కనే బోర్లించి ఉన్న పాత కుండీ మీద కూర్చుంది. యజమాని ముందు ఆమె అట్లా కూర్చోవడం అదే మొదటిసారి.

"అడగలా. నిజమే," అంది. "ఇప్పుడు అడుగుతున్నా."

"గ్లౌజులేగా, ఇవాళే తెప్పిస్తా, చేతులు తగ్గినాక..."

"ఇంటికాడ తగ్గయ్యి బాబూ. ఇంటికాడుంటే పొట్ట గడవదు, తొడిమల పనికి పోవాలి. ఈ పుండ్లతో మిరపకాయల్లో చెయ్యి పెట్టి చూశా నిన్న." ఊపిరి తీసుకుంది. "ఆస్పత్రి నుంచి వాడిపోయి వచ్చిన మొక్కని నువ్వు రోడ్డు మీద పెట్టవు గదా. లోపల పెడతావు. నన్ను కూడా ఈ పుండ్లు మానేదాకా ఆ రెస్టు వరసలో ఉంచు. నీళ్లు చిలకరిస్తా, చూసుకుంటా. కొయ్యను. పుండ్లు మానినాక గ్లౌజులు తొడుక్కుని బండెక్కుతా. కీర్తి కాలేజీకి పోద్ది."

మన్సూర్ దేనికోసమో బండి కిందికి వంగి చూస్తున్నాడు. అక్కడ చూడవలసిందేమీ లేదు.

గోపీనాథ్ నోరు తెరిచాడు. ఫోన్ మోగింది. ఆమె వైపు చూస్తూనే ఎత్తి, "ఆఁ, చెప్పండి," అంటూ గేటు వైపు నడిచాడు. అవుననలేదు. కాదనీ అనలేదు.

పార్వతమ్మ లేచింది. నీళ్లు చిలకరించే డబ్బా, తన ముక్కాలి పీటా తీసుకుని రెండు నెట్ల కిందికి వెళ్లింది. గురువారం తెచ్చిన ఆస్పత్రి మొక్కలు అక్కడే ఉన్నాయి. వేలాడే తీగ ఇంకా తేరుకోలేదు. సెలోం మాత్రం ఒక ఆకును పైకి ఎత్తింది.

వెనక చెప్పుల చప్పుడయింది. కీర్తి. బండి స్టార్టు చేసిన శబ్దం వస్తోంది, మన్సూర్ హారను కొడుతున్నాడు. కీర్తి ఒక్క గ్లౌజు ఊడదీసి, లోపలి పక్క పొడిగా ఉందో లేదో వేలితో చూసి, కుండీ అంచు మీద పెట్టింది. ఎడమచేతిది.

"మరి నీకు?" అంది పార్వతమ్మ.

"నేనివ్వాళ కొయ్యను పెద్దమ్మా. పసుపాకులుంటే ఉండనియ్యి." అంతదాకా చెప్పి, మిగిలింది మింగి, బండి వైపు పరుగెత్తింది.

గ్లౌజు బిగుతుగా ఉంది. పార్వతమ్మ చెయ్యి పెద్దది. ఒక్కో వేలూ నెమ్మదిగా దూర్చుకుంది. లోపల పుండ్లకు రబ్బరు అంటుకుని చురుక్కుమంది. అయినా తీయలేదు. సెలోం ఆకు కింద ఆ చెయ్యి ఆన్చి, కుడిచేత్తో నీళ్లు చిలకరించింది. రసం లేదు, సూది లేదు. నీళ్లు మణికట్టు మీదుగా జారి కింద పడ్డాయి.

ఫోన్ ముగించుకుని గోపీనాథ్ తిరిగొచ్చాడు. నెట్టు బయటే ఆగాడు. లోపలికి తొంగి చూశాడు. పార్వతమ్మ తల తిప్పలేదు. పని చేస్తున్న చేతుల్ని ఆపనూ లేదు. అతను పైకి, నెట్టు చిరిగిన మూల వైపు చూశాడు.

"ఆడ పొద్దెక్కేసరికి ఎండ పడుద్ది," అన్నాడు చివరికి. "ఇటు లోపలికి జరుపుకో."

మొక్కల్నా, పీటనా అన్నది చెప్పలేదు. పార్వతమ్మ ముందు సెలోం కుండీని, తర్వాత తన పీటను నీడలోకి లాక్కుంది.